కాళ్ళ నొప్పులు మగ్గానివా, మాత్రవా?

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇళ్ళల్లో డెబ్భై దాటిన మామయ్య ‘కాళ్ళు గుంజుతున్నయ్’ అంటే, ‘ఇన్నేండ్లు మగ్గం తొక్కిన్రు గద’ అని ఊరుకుంటాం. కానీ ఆయన కొలెస్టరాల్‌కి స్టాటిన్ మాత్ర వేసుకుంటున్నారేమో ఒకసారి చూడండి. ఆ మందు కొందరికి కండరాల నొప్పులు తెస్తుంది, షుగర్ కాస్త పెంచచ్చు. అరుదుగా కండరాలు దెబ్బతిని మూత్రం కాఫీ రంగులో వస్తుంది. అప్పుడు మాత్రం క్షణం ఆలస్యం చెయ్యకండి.

అలాగని మాత్రల డబ్బా దాచెయ్యకండి! గుండెపోటు వచ్చినవాళ్ళకి, స్టెంట్ వేసినవాళ్ళకి ఈ వయసులోనూ లాభమే ఎక్కువ. 2002లో వెలువడిన ‘ప్రాస్పర్’ పరిశోధనలో 70 నుంచి 82 ఏళ్ళవాళ్ళు 5,804 మంది ఉన్నారు. మందు వాడినవాళ్ళలో గుండెపోట్లు తగ్గాయి, పక్షవాతం మాత్రం తగ్గలేదు. గుండెజబ్బే లేకుండా 75 దాటినవాళ్ళకి కొత్తగా మొదలుపెట్టాలా అన్నది డాక్టర్లలోనే ఇంకా తేలలేదు.

‘కూరలో నూనె తగ్గించాం, ఇంక మాత్రెందుకు?’ అంటారా? కొలెస్టరాల్‌లో ఎక్కువ భాగం మన ఒంట్లోనే తయారవుతుందండీ!

ఇంకో వింత. 2020లో లండన్‌లో, నొప్పులని స్టాటిన్ మానేసినవాళ్ళకి తెలియకుండా కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. బాధల్లో దాదాపు తొంభై శాతం ఉత్తుత్తి మాత్రతోనూ కనిపించాయి! అందుకే సొంతంగా మానకుండా డాక్టర్‌కి చెప్పండి. రక్తపరీక్ష చేయించి, కొన్నాళ్ళు ఆపి చూస్తారు, లేదా మోతాదు తగ్గిస్తారు. దగ్గుకో జ్వరానికో వేరే డాక్టర్ దగ్గరికి వెళ్తే ఈ మాత్రల అట్ట కూడా చూపించండి. క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌తో కొన్ని స్టాటిన్లకి పడదు.