బొగ్గుపుల్లతో మనిషి ముఖం: అపోహలు – వాస్తవాలు

డోర్నకల్‌కు బొగ్గు కొత్త కాదు. ఇల్లెందులో 1889లో తవ్వకాలు మొదలయ్యాక సింగరేణి బొగ్గు ఈ జంక్షన్ మీదుగానే బయటి ఊళ్లకు వెళ్లింది. కొత్తగూడెం, మణుగూరు వైపు లైను ఇప్పటికీ ఇక్కడే విడిపోతుంది. అందుకే ఇక్కడి పిల్లలతో చార్‌కోల్ డ్రాయింగ్ అనగానే మొదట వచ్చే ప్రశ్న, వ్యాగన్‌లోంచి రాలిపడ్డ బొగ్గు పెళ్లతో గీయొచ్చా అని. గీయలేం. రాక్షసి బొగ్గు కోట్ల ఏళ్లు భూమి పొరల కింద నలిగి రాయిలా గట్టిపడింది. కాగితం మీద రుద్దితే సరైన గీత పడదు, కాగితం మాత్రం గీరుకుపోతుంది. బొమ్మకు కావలసింది కట్టెబొగ్గు. గాలి తగలకుండా కాల్చిన పుల్ల మెత్తగా, తేలిగ్గా, వేలితో నొక్కితే పొడి అయ్యేలా తయారవుతుంది. ఆ పొడే కాగితపు గరుకులో చిక్కుకుని గీత అవుతుంది.

ఈ పొరపాటుకు పెద్దగా నష్టం లేదు, ఒకసారి గీసి చూస్తే తెలిసిపోతుంది. ముఖాలు గీయడం నేర్చుకునేవాళ్లను ఏళ్ల తరబడి వెనక్కి లాగే అపోహలు వేరే ఉన్నాయి.

“ఇది ఖరీదైన విదేశీ విద్య”

ఆన్‌లైన్‌లో విల్లో చార్‌కోల్ అని కొడితే వచ్చే డబ్బాలు, వాటి ధరలు చూసి చాలామంది అక్కడే ఆగిపోతారు. బొగ్గుతో గీయడం మన తెలుగు నేల మీద ఎప్పటి నుంచో ఉన్న పని. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద తొలి రూపురేఖలను చింతపుల్ల బొగ్గుతోనే గీస్తారు. ఇనుము, బెల్లం నానబెట్టి చేసిన నల్లరంగు, వెదురు కలం ఆ తర్వాతే వస్తాయి. రాముడు, రావణుడు, ద్రౌపది అందరూ మొదట బొగ్గు గీతలే.

ఆ చింతపుల్ల బొగ్గును ఇంట్లోనే చేసుకోవచ్చు. పెన్సిల్ మందం ఉన్న పుల్లలను బాగా ఎండబెట్టి, బెరడు తీసి, మూత గట్టిగా పట్టే రేకు డబ్బాలో నిలువుగా కుక్కండి. మూతకు మేకుతో ఒక్క చిన్న రంధ్రం చేయండి. ఆరుబయట మంటలో పెడితే ఆ రంధ్రంలోంచి తెల్లటి పొగ వస్తుంది. పొగ పూర్తిగా ఆగిపోయాక డబ్బా పక్కకు తీసి, చల్లారేదాకా మూత తీయకుండా ఉంచాలి. వేడిగా ఉండగానే తెరిస్తే గాలి తగిలి పుల్లలు అంటుకుంటాయి, మిగిలేది బూడిదే. ఇక కావలసినవి కొంచెం గరుకున్న డ్రాయింగ్ షీటు, పాత నూలు గుడ్డ, పిండిలా పిసకగలిగే మెత్తటి రబ్బరు. నున్నటి చార్ట్ మాత్రం కొనొద్దు, దాని మీద పొడి నిలవదు. మరీ నల్లటి నలుపు కావాలంటే ఒక కంప్రెస్డ్ చార్‌కోల్ కడ్డీ చాలు. అది బంక కలిపి అదిమి చేసినది కాబట్టి ముదురుగా పడుతుంది, అంత తేలిగ్గా చెరగదు. అందుకే దాన్ని చివర్లోనే వాడాలి.

“ముందు పెన్సిల్‌లో చెయ్యి తిరగాలి, తర్వాతే బొగ్గు”

ఈ వరస ఎవరు పెట్టారో గానీ, కొత్తవాళ్లకు బొగ్గే తేలిక. పెన్సిల్ గీతను గట్టిగా రుద్ది చెరిపితే కాగితం పైపొర లేచిపోతుంది. చింతబొగ్గు గీత మీద గుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోతుంది, వెనక లేత బూడిదరంగు నీడ మిగులుతుంది. తప్పు గీశామన్న భయం ఉండదు. పైగా పెన్సిల్ మొన మనల్ని చిన్న చిన్న వివరాల్లోకి లాగుతుంది, కనురెప్ప వెంట్రుకల దగ్గర కూర్చోబెడుతుంది. బొగ్గుపుల్లను పక్కకు పడుకోబెట్టి లాగితే రెండు అంగుళాల వెడల్పున నీడ పడుతుంది. ముఖాన్ని మొదట పెద్ద వెలుగు, పెద్ద నీడ అని రెండుగా విడదీసి చూడడం దానివల్లే అలవడుతుంది.

“బొమ్మలు గీయడం పుట్టుకతో రావాలి” అనేది దీనికి అన్నలాంటి అపోహ. చేతికి రావలసింది నిజానికి చాలా కొంచెం. పేరు రాయగలిగిన చెయ్యి గీత గీయగలదు. అలవాటు కావలసింది కన్ను. కళ్లను నుదుటి మీదికి ఎక్కించి గీయడం దాదాపు ప్రతి కొత్తవాడూ చేస్తాడు. ముఖం అంటే మన మనసుకు కళ్లు, ముక్కు, నోరు. నుదురు, జుట్టు, నడినెత్తి లెక్కలోకి రావు. కొలిచి చూడండి. పెద్దవాళ్ల తలలో నడినెత్తి నుంచి గడ్డం కొస దాకా ఉన్న పొడవుకు సరిగ్గా సగంలో కళ్లు ఉంటాయి. పసిపిల్లలకైతే సగానికి ఇంకా కిందే ఉంటాయి, అందుకే వాళ్ల నుదురు అంత పెద్దగా అనిపిస్తుంది. రెండు కళ్ల మధ్య ఇంచుమించు మరో కన్ను పట్టేంత జాగా ఉంటుంది. చెవి కనుబొమ్మ వరసలో మొదలై ముక్కు కొస వరసలో ముగుస్తుంది. ఇవి అచ్చులు కావు, ప్రతి మనిషీ వీటి నుంచి ఎక్కడో ఒకచోట కొంచెం తప్పుతాడు. ఆ తప్పిన చోటే ఆ మనిషి పోలిక ఉంటుంది.

కొలవడానికి ఖర్చు లేదు. చేతిని పూర్తిగా చాపి, ఒక కన్ను మూసి, పుల్ల మీద బొటనవేలితో కన్ను వెడల్పును పట్టి, నోటి వెడల్పుతో పోల్చండి. దారానికి చిన్న రాయి కట్టి ఎదురుగా వేలాడదీస్తే కంటి లోపలి మూల కింద ముక్కు రంధ్రం వస్తుందా, నోటి అంచు వస్తుందా తెలిసిపోతుంది. రోజుకో ముఖాన్ని ఇలా కొలిచేవాళ్లకు కొన్ని నెలల్లో దారం అవసరం తగ్గిపోతుంది. దాన్నే బయటివాళ్లు పుట్టుకతో వచ్చిన విద్య అంటారు.

“కళ్లు కుదిరితే పోలిక వచ్చేసినట్టే”

ప్లాట్‌ఫారం ఆ చివర నుంచి నడిచి వస్తున్న మేనమామను మనం కళ్లు చూసి గుర్తుపట్టం. అంత దూరానికి కళ్లు కనిపించవు. తల ఆకారం, మెడ వాలు, చెంపల కింద నీడ చూసి “మామ వస్తున్నడు” అంటాం. పోలిక అంతా మొదట అక్కడే కూర్చుంటుంది. కళ్లతో మొదలుపెట్టి ఒక్కో కన్నును గంటసేపు నునుపు చేసినవాళ్లకు, చివరికి ఆ కళ్లు తప్పు చోట ఉన్నాయని తెలిసినా చెరపడానికి మనసొప్పదు. అమెరికన్ చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్ 1907 ప్రాంతంలో తైలవర్ణ పోర్ట్రెయిట్లు చాలావరకు మానేసి, ఆ తర్వాత వందల ముఖాలను బొగ్గుతో గీశాడు. చాలావాటిని ఒకే సిట్టింగ్‌లో, రెండు మూడు గంటల్లో ముగించాడు. తల రూపం, వెలుగునీడల హద్దు ముందే కుదిరాయి కాబట్టే కళ్లకు, పెదాలకు అన్ని తక్కువ గీతలు సరిపోయాయి.

జుట్టును పోగు పోగుగా, ముడతలను గీత గీతగా గీయాలనేది కూడా ఇలాంటి ఆలోచనే. జుట్టు ఒక నల్లటి ముద్ద, అందులో రెండు మూడు మెరుపులు, అంచుల్లో విడిపోయిన నాలుగు పోగులు. ముడత గీత కాదు, చర్మంలో చిన్న లోయ. దానికి ఒకవైపు నీడ, మరోవైపు వెలుగు ఉంటాయి. ఆల్బ్రెహ్ట్ డ్యూరర్ 1514లో, తల్లి చనిపోవడానికి రెండు నెలల ముందు, ఆమె ముఖాన్ని బొగ్గుతో గీశాడు. బెర్లిన్‌లో ఉన్న ఆ బొమ్మలో ముసలితనాన్ని ఎక్కడా దాచలేదు, అందులో అగౌరవమూ లేదు.

“కొంచెం తెల్లగా గీస్తేనే అందం”

ఈ వ్యాసంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇదే. మన ప్రాంతంలో పోర్ట్రెయిట్ ఆర్డరు ఎక్కువగా ఇంట్లో మనిషి పోయాక వస్తుంది. పెద్దకర్మ లోపు పటం కావాలి. ఆధార్ కార్డు మీదిదో, ఎవరిదో పెళ్లిలో మూలన పడ్డదో ఒక ఫొటో తెస్తారు. “జర తెల్లగ ఎయ్యండి సార్, మా అవ్వ మరీ నల్లగ కొడుతుంది” అంటారు. గీసేవాళ్లు కూడా, ముఖం నల్లగా వేస్తే బొగ్గు పూసినట్టు ఉంటుందనే భయంతో చెంపలను కాగితం తెలుపులోనే వదిలేస్తారు. అలా గీసిన ముఖంలో ఆ ఇంటి అవ్వ ఉండదు.

నల్లటి ముఖం బొగ్గుకు కష్టం కాదు, ఎంతో అనువు. చర్మం లోపలికి వెళ్లిన వెలుగును నల్లటి చర్మం ఎక్కువ పీల్చుకుంటుంది. పైపొర నుంచే తిరిగి వచ్చే మెరుపు మాత్రం ఏ చర్మానికైనా దాదాపు ఒక్కటే. అందుకే నల్లటి, చామనఛాయ ముఖాల మీద నుదుటి ఎత్తు, చెంప ఎముక, ముక్కు దూలం, కింది పెదవి తడి స్పష్టంగా వెలుగుతాయి, ఎముక కట్టు బాగా తెలుస్తుంది. తెల్లటి ముఖంలో వెతుక్కోవలసిన ఆకారం ఇక్కడ తానే కనిపిస్తుంది.

తెల్ల కాగితం మీద నుంచి మొదలుపెట్టకండి. బొగ్గును పక్కకు పడుకోబెట్టి షీటంతా రుద్ది, గుడ్డతో ఒకేలా తుడిచి, మధ్య ఛాయ తెచ్చుకోండి. నల్లటి ముఖానికి చర్మం రంగు అక్కడే సగం వచ్చేసింది. ఆ ఛాయ మీద నీడలను ఇంకొంచెం దించండి. రబ్బరును మొనలా నలిపి మెరుపులను ఎత్తండి. పూర్తి నలుపును కంటిపాపకు, ముక్కు రంధ్రాలకు, పెదాల మధ్య గీతకు, జుట్టు లోతుకు దాచుకోండి. ముఖమంతా పూర్తి నలుపు వేస్తే ఇక కిందికి దిగడానికి మెట్టు మిగలదు. బొగ్గు పూసినట్టు కనిపించేది అప్పుడే, ఆ తప్పు చర్మం రంగుది కాదు. పూర్తి తెలుపూ అంతే, రెండు మూడు చోట్లకు మించొద్దు.

మిర్చి చేలల్లో ఎండకు కమిలిన ముఖాలు, తండాల్లో చెంపల పక్కన వెండి నగలు వేలాడే పెద్దమ్మలు మన చుట్టూ ఉన్నారు. ఆ నగల్లోనూ ఒక్కొక్క గజ్జెను లెక్కపెట్టి గీయనక్కర్లేదు. నీడలో ఉన్నవాటిని ముద్దగా వదిలి, వెలుగు తగిలిన నాలుగింటిని రబ్బరుతో ఎత్తితే చాలు. తోట వైకుంఠం ముదురు ఛాయ, నిండు బొట్టు ఉన్న తెలంగాణ ఆడవాళ్లను రంగుల్లోనూ బొగ్గులోనూ గీసి దేశమంతటికీ చూపించారు. ఆ బొమ్మల ముందు నిలబడ్డవాళ్లెవరికీ వాళ్లను తెల్లగా చేయాలని అనిపించదు.

“ఫొటో ఉంటే చాలు, మనిషి అక్కర్లేదు”

పోయినవాళ్ల బొమ్మకు ఫొటోనే దిక్కు, అందులో తప్పు లేదు. నేర్చుకునే రోజుల్లో మాత్రం ఫొటో చాలా దాస్తుంది. ఎదురుగా ఫ్లాష్ పడితే నీడలన్నీ పోయి ముఖం బల్లపరుపవుతుంది. దగ్గర నుంచి తీసిన ఫొటో కొలతలనే మార్చేస్తుంది. అడుగు దూరం నుంచి తీసుకున్న సెల్ఫీలో ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని అమెరికా వైద్యులు 2018లో లెక్కగట్టారు. ఐదడుగుల దూరానికి వెళితే ఆ తేడా దాదాపు ఉండదు. కాబట్టి ఫొటో తప్పనిసరైతే ఐదారడుగుల దూరంలో నిలబడి, మనిషిని వాకిట్లో గుమ్మం పక్కన కూర్చోబెట్టి, ఒకవైపు నుంచే వెలుగు పడేలా తీయండి. ఆధార్ ఫొటో ఒక్కటే దొరికితే, అదే కుటుంబంలో ఆ పోలిక ఉన్న కూతురినో తమ్ముడినో అదే వెలుగులో కూర్చోబెట్టి నీడలు ఎలా పడతాయో చూసి గీయండి. అద్దంలో మీ ముఖం ఎప్పుడూ ఉంటుంది, కదలొద్దని ఎవరినీ బతిమాలనక్కర్లేదు. జర్మన్ కళాకారిణి కేథె కోల్విట్జ్ యవ్వనం నుంచి ముసలితనం దాకా తన ముఖాన్నే మళ్లీ మళ్లీ గీసుకున్నారు, వాటిలో బొగ్గుతో గీసినవీ ఉన్నాయి.

వేలితో రుద్దితేనే నునుపు వస్తుందని ఇంకొకటి. వేలి జిడ్డు కాగితానికి అంటి, అక్కడ బొగ్గు మరకలా పట్టుకుంటుంది, ఆ మరకను తర్వాత రబ్బరు కూడా ఎత్తలేదు. గుడ్డో, మెత్తటి కుంచో వాడండి. అన్నిచోట్లా రుద్దకండి. చెంప గుండ్రం దగ్గర అంచు కరగాలి, ముక్కు కింద నీడ అంచు పదునుగా ఉండాలి. పొడిని నోటితో ఊదొద్దు, అది మీ ఊపిరితిత్తుల్లోకే వెళుతుంది. బోర్డును నిలబెట్టి వెనక నుంచి తడితే రాలిపోతుంది.

“హైదరాబాద్ పోతే తప్ప రాదు”

డిగ్రీ కావాలంటే అక్కడ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం జేఎన్‌ఏఎఫ్‌ఏయూ ఉంది, దానికి ప్రవేశ పరీక్ష ఉంది. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు ప్రభుత్వ పరీక్షల విభాగమే పెడుతుంది. ఇవి సర్టిఫికెట్టుకు, ఉద్యోగానికి అవసరం. చూడడం నేర్చుకోవడానికి మాత్రం ఇంట్లో కూర్చున్న నాయనమ్మ చాలు. తెలుగుతల్లి చిత్రం వేసిన కొండపల్లి శేషగిరిరావు 1924లో పుట్టింది మహబూబాబాద్ ప్రాంతంలోని పెనుగొండలోనే. హైదరాబాద్, శాంతినికేతన్, నందలాల్ బోస్ శిష్యరికం ఆ తర్వాతి సంగతులు.

“బొగ్గు బొమ్మ నాలుగేళ్లు నిలవదు”

బొగ్గు దాదాపు కర్బనమే. వెలుగుకు వెలిసిపోదు. ఫ్రాన్సులోని షోవే గుహలో బొగ్గుతో గీసిన జంతువులు ముప్పై వేల ఏళ్లు దాటినా అలాగే ఉన్నాయి. నిలవనిది బొగ్గు కాదు, కాగితం మీద దాని పట్టు. చెయ్యి తగిలితే చెదిరిపోతుంది. దానికి ఫిక్సెటివ్ స్ప్రే ఉంది. అడుగున్నర దూరం నుంచి, ఆరుబయట, పల్చగా రెండు మూడు సార్లు కొట్టి మధ్యలో ఆరనివ్వాలి. ఒకేసారి తడిపేస్తే ఛాయలన్నీ ముదిరిపోతాయి. దాని బదులు హెయిర్ స్ప్రే కొడితే కొన్నాళ్లకు కాగితం పసుపెక్కుతుంది. న్యూస్‌ప్రింట్ మీద గీస్తే కాగితమే పసుపెక్కి పెళుసవుతుంది, అది సాధనకు మాత్రమే. పటం కట్టించేటప్పుడు బొమ్మ చుట్టూ మందపాటి మౌంట్ పెట్టించండి, లేకపోతే పొడి అద్దానికి అంటుకుంటుంది. వానాకాలంలో చెమ్మ పట్టే గోడకు తగిలించొద్దు, బూజు వస్తుంది. పటం కట్టించనివాటి మధ్య బటర్ పేపర్ వేసి, ఒకదాని మీద ఒకటి జరగకుండా, పడుకోబెట్టి పెట్టుకోండి.