అడుగవలసినది వారినే

పేరు పెట్టి పిలిచినను పలుకదు. పెండ్లిపందిటిలో బాజాలు మ్రోగగానే చెవులు మూసికొని మూలకు ఒదుగును. తిరుగుచున్న బొంగరమును గంటలతరబడి చూచుచు కూర్చుండును. ఇట్టి బిడ్డ మన గ్రామములలోను, పట్టణములలోను లేకపోలేదు. చూచినవారు కొందరు మూగయనిరి, కొందరు పొగరనిరి, కొందరు గ్రహదోషమనిరి. తల్లి గారాబమువలన చెడినదన్నవారును కలరు. ఈ స్థితికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఆటిజము. మెదడు ఎదుగుదలలోని భేదమువలన కలుగు ఈ స్థితి జీవితాంతము నిలుచును. అందరియందును ఒక్క తీరున నుండదు. కొందరికి మాటయే రాదు. కొందరు పట్టభద్రులై ఉద్యోగములు చేయుచున్నారు. వీరిని గూర్చి 80 ఏండ్లకు పైబడి పరిశోధనలు సాగుచున్నవి. ఆ పరిశోధనలలో వీరికి గల స్థానమెట్టిది?

1943లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లల వృత్తాంతములను ప్రకటించెను. మరుసటి యేట వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ ఇట్టివారినే వర్ణించెను. పిమ్మట శాస్త్రము కొంతకాలము పెడదారి పట్టినది. తల్లుల ప్రేమరాహిత్యమే దీనికి మూలమను వాదము బలపడెను. షికాగోకు చెందిన బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో ఒక గ్రంథము వ్రాసి దానికి మరింత వ్యాప్తి కల్పించెను. బిడ్డ మౌనమునకు కుములుచున్న తల్లికి లోకనింద తోడయ్యెను.

ఆ నిందను తొలగింప పూనుకొన్నవారెవరు? 1964లోనే ఆ వాదమును ఖండించుచు గ్రంథము వ్రాసిన మనస్తత్వశాస్త్రజ్ఞుడు బెర్నార్డ్ రిమ్‌లాండ్ అట్టి బిడ్డకు తండ్రి. 1979లో జూడిత్ గూల్డ్‌తో కలిసి లండనులో పరిశోధించి, ఆటిజము పరిధి కానర్ చెప్పినదానికంటె విశాలమని చూపిన వైద్యురాలు లోర్నా వింగ్ అట్టి బిడ్డకు తల్లి. ఇంటిలోని అనుభవము పరిశోధనలో ప్రవేశించిన పిమ్మటనే అన్యాయము సడలనారంభించెను.

తల్లిదండ్రులకు చోటు దొరకినది. కాని ఆ బిడ్డలు పెరిగి పెద్దవారైన పిమ్మటను, వారిని పరీక్షింపబడు వస్తువులుగనే పెక్కుకాలము చూచిరి. ఫలితమేమన, 2013లో బ్రిటనున పరిశోధకులు ప్రకటించిన నివేదికను బట్టి, ఆటిజము పరిశోధనకు వెచ్చించిన ధనములో అధికభాగము జీవశాస్త్రమునకును, మెదడును గూర్చిన విచారణకును పోయెను. ఆటిజము గలవారును, వారి కుటుంబములును కోరినది నిత్యజీవితమునకు పనికివచ్చు సాయము. ఆయకట్టు రైతు నడుగకయే కాలువ త్రవ్వినచో నీరు ఏ చేనికి చేరునో మన పాఠకులకు చెప్పనక్కరలేదు.

వేరు మార్గము లేకపోలేదు. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరమున 2006లో క్రిస్టీనా నికొలైడిస్ అను వైద్యురాలు, ఆటిజము గల డోరా రేమేకర్‌తో కలిసి ఆస్పైర్ అను పరిశోధక సంఘమును నెలకొల్పిరి. ఇందు ప్రశ్న నిర్ణయించుట మొదలు ఫలితములను వ్రాయువరకు ఇరుపక్షములకును సమానాధికారము కలదు. నోటిమాట కష్టమైనవారి సౌకర్యార్థము అక్షరరూపమున సమావేశములు జరుపుదురు. చర్చింపవలసిన విషయములను ముందుగనే పంపుదురు. ప్రశ్నపత్రములోని మాట రెండర్థముల కెడమిచ్చినచో ఆటిజము గల సభ్యులు పట్టిచూపుదురు. కఠినపదములకు వివరణలు చేర్చుదురు.

ఈ సంఘము 2013లో ప్రకటించిన పరిశీలనలో ఆటిజము గల 209 మంది, ఆటిజము లేని 228 మంది పెద్దవారు పాల్గొనిరి. వైద్యులతో మాటామంతియందు మొదటివారికి తృప్తి తక్కువ. తీరని వైద్యావసరములు ఎక్కువ. అత్యవసర విభాగమునకు పోవుటయు ఎక్కువ. ఇంతటితో ఆగక వారొక సాధనమును సిద్ధపరచిరి. రోగి కొన్ని ప్రశ్నలకు జవాబులిచ్చినచో, వైద్యునకు చూపదగిన లేఖ తయారగును. వెలుతురు కండ్లకు బాధాకరమనియు, వ్రాసి చూపినచో తెలియుననియు, జవాబునకు వ్యవధి కావలెననియు తమకు వలసినదానిని బట్టి అందు తెలుపవచ్చును. తాకబోవు ముందు చెప్పవలెనని కోరుట యెంత చిన్న కోరిక! అది తెలియకపోవుటచేతనే ఒకడు ఆస్పత్రి గడప త్రొక్కుట మానిన, ఆ నష్టము చిన్నది కాదు.

పరిశోధింపబడువారే పరిశోధకులైనచో శాస్త్రమునకు నిష్పక్షపాతమెట్లు కలుగునని కొందరి శంక. కొలుచు విధానము శాస్త్రీయముగనే యుండవలెను, ఫలితము ప్రతికూలమైనను ప్రకటింపవలెను. దేనిని కొలువవలెనో నిర్ణయించుటలో మాత్రము వారికి పాలుండవలెను. మాట రానివారి మాటేమియను శంక ఇంకను బరువైనది. బొమ్మలు, సంజ్ఞలు, యంత్రములు, అన్నిటికంటె ముఖ్యముగ ఓర్పు అవసరము. మాటలాడగలవాడొక్కడు అందరి పక్షమున మాటలాడజాలడు; కనుక మాటరానివారిని పొరుగుననే విడిచిన పరిశోధన సగము పరిశోధనయే.

మన దేశము వికలాంగుల హక్కులను గూర్చిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికను 2007లో ఆమోదించినది. 2016 నాటి చట్టము ఆటిజమును గుర్తించి, ఇతర పిల్లలతో కలిసి చదువుకొను హక్కును చాటినది. సికింద్రాబాదున 1984లో నెలకొన్న జాతీయసంస్థ బుద్ధిమాంద్యము గలవారిని గూర్చి శిక్షణయు, పరిశోధనయు సాగించుచున్నది. చట్టమున్నది, సంస్థయున్నది. తెలుగు ఇండ్లలో పెరిగిన ఆటిజము గలవారు తెలుగులో తమ అనుభవమును చెప్పుకొని, తమను గూర్చిన ప్రశ్నలను తామే దిద్దగల పరిశోధనలు విరివిగ జరుగవలసియున్నది. వారి కాలమునకును శ్రమకును ప్రతిఫలమిచ్చుట ధర్మము.

పాఠశాలల యాజమాన్యములలో ఉన్న పెద్దలు, పనివారిని నియమించుకొను వర్తకులు, పొలముగల గృహస్థులు ఈ పనికి ప్రభుత్వపు టుత్తరువుకై వేచియుండనక్కరలేదు. మీ బడిలో గంట మ్రోత భరింపలేని బాలుడున్నచో, ఏది బాధించుచున్నదో ఏదియో యొక విధమున వానినే అడుగుడు. మీ యింట పెండ్లి జరిగినచో, సందడికి దూరముగ ఒక గది విడిచిపెట్టుడు. మూలకు ఒదిగిన ఆ బిడ్డను పందిటిలోనికి లాగుకొని వచ్చుటకు ముందు, మనము వెళ్లి దాని ప్రక్కను కూర్చుండి, అది చూచుచున్న బొంగరమును కొంతసేపు చూతము.