స్క్రీన్‌పై ఇంగ్లీష్.. చెవిలో తెలుగు! ఐఐటీ బాంబే పాఠాలు ఎలా పనిచేస్తాయంటే..

తెలుగు మీడియంలో చదివి ఇంజనీరింగ్‌లో చేరిన చాలామందికి సి, పైథాన్‌ కన్నా ముందు అడ్డొచ్చేది ఇంగ్లీష్ లెక్చరే. ఈ చిక్కుపైనే ఐఐటీ బాంబే కెమికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ కన్నన్ మౌద్గల్య దృష్టి పెట్టారు. ఆయన నడిపించిన 'స్పోకెన్ ట్యుటోరియల్' ప్రాజెక్టులో ఒక్కో వీడియో సుమారు 10 నిమిషాలే. సాఫ్ట్‌వేర్ స్క్రీన్ ఇంగ్లీష్‌లోనే ఉంటుంది.. మాట మాత్రం తెలుగు సహా భారతీయ భాషల్లోకి మారుతుంది. స్క్రీన్‌ను ఎందుకు మార్చలేదంటే.. రేపు ఉద్యోగంలో కనిపించేవి ఆ ఇంగ్లీష్ మెనూలే మరి!

వీడియో ఊరికే చూస్తే కుదరదు. ఒక పక్క పాఠం, మరో పక్క సాఫ్ట్‌వేర్ తెరిచి పెట్టుకోవాలి. వీడియోలో ఒక కమాండ్ టైప్ చేయగానే పాజ్ కొట్టి, అదే మనమూ చేయాలి. తేడా వస్తే వెనక్కి జరిపి మళ్లీ వినాలి. పక్కన టీచర్ ఉండరు కాబట్టే, రికార్డింగ్‌కు ముందే స్క్రిప్ట్‌ను ఆ సబ్జెక్ట్ కొత్తైన వాళ్లతో పరీక్షిస్తారు. వాళ్లు ఎక్కడ ఆగిపోతే అక్కడ తిరగరాస్తారు. హడావుడిగా తీసిన క్లాస్‌రూమ్ వీడియోల్లో కనిపించనిది ఇదే.

నేర్పేది ఎక్కువగా ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరే కనుక లైసెన్స్ ఖర్చు లేదు. నెట్ లేని ల్యాబుల్లో ఆఫ్‌లైన్‌లోనూ నడుస్తాయి. ఫోన్‌లో పాఠం వినొచ్చు.. కానీ చేసి చూడటానికి పక్కన కంప్యూటర్ ఉండాల్సిందే.