క్యారమ్ బోర్డుకు దీపం మనమే అమర్చుకుందాం

సెలవు రోజుల్లో రాత్రి భోజనాల తరువాత క్యారమ్ ఆడడం మన సరిహద్దు గ్రామాల ఇళ్లలో పరిపాటి. గోడనున్న ట్యూబులైటు వెలుగులో చేతి నీడ స్ట్రైకరు మీదనే పడుతుంది. పిల్లలు కళ్లు చిట్లించి చూస్తారు. దీపం బోర్డు నడిమికి సూటిగా పైన వేలాడితే ఈ ఇబ్బంది తొలగుతుంది.

పెద్ద బోర్డులో ఆడే తలం ఒక్కొక్క వైపు 74 సెంటీమీటర్లు. నడిమి నుండి మూలకు దూరం సుమారు 52 సెంటీమీటర్లు. దీపం 75 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే నాలుగు మూలలకూ వెలుగు చేరుతుంది.

మందమైన తెల్లని ప్లాస్టిక్ బేసినును బోర్లించి, నడుమ హోల్డరుకు ఒక రంధ్రం, చుట్టూ వేడి పోవడానికి చిన్న రంధ్రాలు చేయాలి. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు చాలు. పాతకాలపు తీగ బల్బు వేడికి ప్లాస్టిక్ కరుగుతుంది కనుక దానిని వాడరాదు. కూర్చున్నవారి కంటికి బల్బు కనబడకుండా బేసిను అంచుకు లోపలే ఉండాలి.

బేసిను బరువు వైరుపై పడరాదు. దూలానికి కొక్కెం బిగించి నైలాను తాళ్లతో వేలాడదీయండి. వైరును వదులుగా, అతుకులు లేకుండా ఉంచండి. స్విచ్చు ఫేజు తీగకే ఉండాలి. మెయిన్ ఆపిన తరువాతనే పని మొదలుపెట్టండి. వైరింగు తెలియనివారు ఆ ఒక్క పనిని ఎలక్ట్రీషియను చేత చేయించండి. రేకు షేడుకు కరెంటు పాకే ప్రమాదం ఉన్నందుననే ప్లాస్టిక్ బేసినును సూచించాను. దీపం కింద చేతులు చాచేది మన పిల్లలే కదా.