ఒకరు చదివితే పదిమంది విన్నారు

1914 ఏప్రిల్‌లో బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఓ సభ జరిగింది. తెలుగునాట గ్రంథాలయాలు నడుపుతున్నవాళ్లంతా ఒకచోట చేరి సంఘం పెట్టుకున్నారు. దేశంలో ఇలాంటి సంఘం అదే మొదటిదంటారు. అధ్యక్షత వహించినది చిలకమర్తి లక్ష్మీనరసింహం. ఆయనకు చూపు లేదు. ఎవరో చదివిపెడితే వినేవారు, తాను చెబుతుంటే ఎవరో రాసేవారు. పుస్తకాల వాళ్ల సభకు పెద్దగా ఆయన్నే కూర్చోబెట్టడం నాకు ఎప్పుడూ వింతగా అనిపించలేదు. తెలుగువాళ్ల చదువు చాలాకాలం అలాగే సాగింది మరి.

1951 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద నూటికి పద్దెనిమిది మందికే చదవడం, రాయడం వచ్చు. మిగిలిన ఎనభై రెండు మందినీ నిరక్షరాస్యుల గడిలో వేశారు. వాళ్లలో రోజూ కాఫీ హోటల్లో పేపరు చదివించుకుని విన్నవాడున్నాడు. రామాలయం అరుగు మీద భారతం ఆసాంతం విని, చదివేవాడు తడబడితే సరిదిద్దే ముసలాయన ఉన్నాడు. లెక్కలు రాసేవాళ్ల దగ్గర ఇలాంటివాళ్లకు వేరే గడి లేదు.

గ్రంథాలయోద్యమం నడిపినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. అయ్యంకి వెంకటరమణయ్య ఊరూరా తిరిగి గ్రంథాలయాలు పెట్టించారు. పుస్తకం దగ్గరికి మనిషి రాకపోతే మనిషి దగ్గరికే పుస్తకం వెళ్లాలన్న పట్టుదల ఆనాటిది. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య పడవలో గ్రంథాలయం పెట్టారు. గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగితే కదిలే పడవలవి. ప్రయాణం గంటలకు గంటలు. అంతసేపు చేతిలో పుస్తకం పెడితే ఎవరు కాదంటారు? చదువు రాని పక్కవాడు ఊరుకుంటాడా, పైకి చదవమనడూ? ఇప్పటి ఏసీ రీడింగ్ రూముల కంటే ఆ పడవే తెలివైన ఏర్పాటని నా నమ్మకం.

గోదావరి, కృష్ణా జిల్లాల్లో ఉత్సాహంగా సాగిన పని నిజాం రాజ్యంలో కత్తి మీద సామే. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901లోనే వెలిసింది. కానీ అక్కడ బడి భాష, కచేరీ భాష ఉర్దూ. సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావాలి. అలాంటి చోట నలుగురు తెలుగు పేపరు ముందు కూర్చోవడమే రాజకీయం. నైజాములో తెలుగు కవులే లేరని ఎవరో అన్నందుకు సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో 1934లో ‘గోల్కొండ కవుల సంచిక’ అచ్చువేసి చూపించారు. ఇంతకంటే పద్ధతైన చెంపదెబ్బ మన సాహిత్య చరిత్రలో నాకు కనిపించదు.

స్వాతంత్ర్యం వచ్చాక చదువు ఇళ్లలోకి, ముఖ్యంగా వంటిళ్లలోకి వచ్చింది. వారపత్రిక వచ్చిన రోజు సీరియల్ ఎవరు ముందు చదవాలన్నది పెద్ద పంచాయితీ. యద్దనపూడి సులోచనారాణి కథానాయకుడి కోసం కూర మాడబెట్టిన ఇళ్లు తక్కువేం కాదు. కూతురు పైకి చదువుతుంటే తల్లి చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వినేది. సీరియల్ అయిపోయాక ఆ కాగితాలన్నీ విడదీసి, అట్ట వేసి, దారంతో కుట్టి బైండు చేసేవారు. ఒక పేజీలో నాయిక కన్నీళ్లు, వెనక పేజీలో తలనూనె ప్రకటన, సగం నింపి వదిలేసిన పదకేళి. ఆ బైండు వీధి మొత్తం తిరిగొచ్చేది, కొన్నిసార్లు తిరిగి వచ్చేది కాదు. మగపిల్లలు అద్దె పుస్తకాల షాపు దగ్గర డిటెక్టివ్ యుగంధర్ నవలల కోసం కాచుకునేవారు. ఎవడో మహానుభావుడు మొదటి పేజీలోనే హంతకుడి పేరు పెన్సిల్‌తో రాసిపెట్టేవాడు.

పుస్తకం కొనని జాతి అని మనల్ని మనం తిట్టుకుంటాం. నిజమే, కొనలేదు. ఒక్కో ప్రతిని ఎంతమంది చదివారో, ఎంతమంది విన్నారో ప్రచురణకర్తకు లెక్క అందలేదు.

1991లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యులైన ఆడవాళ్లు నూటికి 33 మందైనా లేరు. ఆ ఏడాదే నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా కార్యక్రమం మొదలైంది. రాత్రి బడి వాచకంలో తాగుబోతు భర్తతో వేగే సీతమ్మ కథ ఉంది. పగలంతా పొలం పని చేసి వచ్చిన ఆడవాళ్లు లాంతరు చుట్టూ కూర్చుని కూడబలుక్కుంటూ చదివారు. ఎవరికి వారు ఇంట్లో ఒంటరిగా చదువుకుని ఉంటే ఆ కథ ఒకామె ఏడుపుగా మిగిలిపోయేదేమో. గుంపులో చదివారు కనుక ఒకరి గోడు మరొకరికి వినిపించింది. ఆ జిల్లాలోని దూబగుంట ఊరి ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. వాళ్ల కథ తర్వాతి వాచకంలో పాఠమై, పక్క ఊళ్లకు పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. అంత పనిచేసిన పాఠ్యపుస్తకం మన బడుల్లో మరొకటి ఉందా?

2011 నాటికి ఉమ్మడి రాష్ట్రంలో ఆడామగా కలిపి అక్షరాస్యత 67 శాతానికి చేరింది. నేడు హైదరాబాదు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో సీటు దొరకాలంటే పొద్దున్నే వెళ్లాలి. అందరూ ఉద్యోగ పరీక్షల పిల్లలే, పుస్తకాలూ ఎవరివి వారివే. నవలల బీరువా వైపు చూసే తీరిక వాళ్లకు లేదు, అందుకు వాళ్లను తప్పుపట్టడం అన్యాయం. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు జనం కడుతూనే ఉన్నారు. వసూలైన ఆ డబ్బును స్థానిక సంస్థలు గ్రంథాలయాలకు సకాలంలో జమచేయవన్నది పాత ఫిర్యాదు. కొత్త పుస్తకాలేవని నిలదీసే పాఠకులు తగ్గిపోయారు. పరీక్షల పిల్లలు అడుగుతున్నవి కుర్చీలు, ఫ్యాన్లు, శుభ్రమైన మరుగుదొడ్లు. అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు కనుకనే ఆ మాత్రమైనా తలుపులు తెరిచి ఉంటున్నాయి.