సింకులో పోసిన కెమికల్ ఎక్కడికి పోతుంది? ముందే లెక్క చెప్పే కంప్యూటర్ మోడళ్లు

పొద్దున బట్టలు ఉతికిన సర్ఫ్ నీళ్లు, బాత్రూం కడిగిన ఫినాయిల్, దాదీమా వేసుకున్న షుగర్ గోళీలో ఒంట్లోంచి బయటికి పోయిన మందు. ఇవన్నీ వెళ్లేది ఒకే దారిలో. ముందు డ్రైనేజీ, అక్కడి నుంచి నాలా, ఆ తర్వాత చెరువో, నదో. కంటికి కనపడకపోతే పోయిందనే అనుకుంటాం. కానీ నీళ్లలో కరగడం వేరు, విరిగిపోవడం వేరు. ఉప్పు కరిగితే కనపడదు. నోట్లో పోసుకుంటే ఉందని తెలుస్తుంది.

కెమికల్ నిజంగా పోవాలంటే నీళ్లలోని సూక్ష్మజీవులు దాన్ని తిని, చిన్న చిన్న ముక్కలు చేసి, చివరికి కార్బన్ డయాక్సైడ్, నీరు, లవణాలుగా మార్చేయాలి. దీన్నే జీవ విచ్ఛిన్నం అంటారు. ఏ కెమికల్‌ను సూక్ష్మజీవులు తింటాయి, దేన్ని వదిలేస్తాయి? నీళ్లలో కలవకముందే ఈ సంగతి అంచనా వేసే పని ఇప్పుడు కంప్యూటర్ మోడళ్లు చేస్తున్నాయి.

నురగ నేర్పిన పాఠం

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా, యూరప్ దేశాల్లో సబ్బు స్థానంలో డిటర్జెంట్ పొడి వచ్చింది. కొన్నేళ్లకే అక్కడి నదుల మీద నురగ గుట్టలుగా పేరుకుంది. కారణం వెతికితే అణువు ఆకారంలో దొరికింది. అప్పటి డిటర్జెంట్ అణువులో కార్బన్ గొలుసు చెట్టులా కొమ్మలు కొమ్మలుగా ఉండేది. ఆ కొమ్మల దగ్గర సూక్ష్మజీవుల పని ముందుకు సాగలేదు. 1960ల మధ్యకల్లా కంపెనీలు కొమ్మలు లేని తిన్నని గొలుసుకు మారాయి. బట్టలు అలాగే తెల్లబడ్డాయి, నదుల్లో నురగ మాత్రం తగ్గింది. మన దగ్గర డిటర్జెంట్ తయారుచేసే చిన్న యూనిట్లు కొనే 'యాసిడ్ స్లర్రీ' కూడా ఈ తిన్నని గొలుసు రకమే.

అణువు ఆకారం చూసి అది విరుగుతుందో లేదో చాలావరకు చెప్పొచ్చని దీంతో తేలింది. కంప్యూటర్ మోడళ్లకు పునాది ఇదే.

28 రోజుల పరీక్ష

కెమికల్ విరుగుతుందా లేదా అని ల్యాబ్‌లో తేల్చడానికి ఓఈసీడీ 301 అనే అంతర్జాతీయ పరీక్షలు ఉన్నాయి. సీసాలో నీళ్లు, కొద్దిగా సూక్ష్మజీవులు, పరీక్షించాల్సిన కెమికల్ వేస్తారు. కార్బన్ కోసం తినడానికి వేరే ఆహారం ఏమీ పెట్టరు. 28 రోజులు చూస్తారు. సూక్ష్మజీవులు వాడుకున్న ఆక్సిజన్‌ను గానీ, వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను గానీ కొలుస్తారు. లెక్క ప్రకారం రావాల్సిన దాంట్లో 60 శాతం దాటితే ఆ కెమికల్ 'తేలిగ్గా విరిగేది' అని ఒప్పుకుంటారు.

పరీక్ష మంచిదే, కానీ నెల పడుతుంది, ఖర్చూ అవుతుంది. యూరప్‌లో నమోదైన రసాయనాలే 20 వేలకు పైగా ఉన్నాయి. అమెరికాలో కంపెనీ కొత్త కెమికల్ తెస్తున్నామని చెబితే, పర్యావరణ సంస్థ ఈపీఏ మామూలుగా 90 రోజుల్లో పరిశీలన ముగించాలి. చాలాసార్లు కంపెనీ దగ్గర పరీక్ష ఫలితాలే ఉండవు. అలాంటప్పుడు అంచనాయే దిక్కు.

జమ, ఖర్చు లెక్కే

ఈపీఏ వాడే మోడళ్లలో ఒకదాని పేరు బయోవిన్. ఈపీఐ సూట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇది దొరుకుతుంది. ఇందులోని మొదటి మోడల్ పనితీరు కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలా ఉంటుంది.

ప్రతి కెమికల్‌కూ సుమారు 0.75 ఓపెనింగ్ బ్యాలెన్స్ ఇస్తుంది. తర్వాత అణువును ముక్కలుగా చూస్తుంది. ఆల్కహాల్, ఎస్టర్, ఆమ్లం లాంటి ముక్కలుంటే సూక్ష్మజీవులకు పట్టు దొరుకుతుంది కాబట్టి కొంత జమ. బెంజీన్ వలయానికి క్లోరిన్ అతుక్కుని ఉంటే, నైట్రో ముక్క ఉంటే, కార్బన్ నాలుగు వైపులా కొమ్మలు వేస్తే కొంత కోత. అణువు బరువు పెరిగినా కోతే. చివరికి 0.5 కంటే ఎక్కువ మిగిలితే త్వరగా విరుగుతుందని, తక్కువైతే విరగదని అంచనా.

ఏ ముక్కకు ఎంత జమ, ఎంత కోత అన్నది ఎవరో ఊహించి పెట్టింది కాదు. అప్పటికే ఫలితం తెలిసిన వందల కెమికల్స్ నుంచి గణితంతో రాబట్టారు.

తర్వాత మెషిన్ లెర్నింగ్ వచ్చింది. ఇటలీలోని మిలాన్ పరిశోధకులు 2013లో 1,055 అణువుల పట్టిక తయారుచేశారు. అందులో 356 తేలిగ్గా విరిగేవి, 699 విరగనివి. ఇది ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది. ల్యాప్‌టాప్ ఉన్న ఇంజినీరింగ్, డిగ్రీ విద్యార్థులు ఎవరైనా దీనిమీద మోడల్ కట్టి చూడొచ్చు.

ఇక్కడ ఒక మోసం జాగ్రత్తగా గమనించాలి. కళ్లు మూసుకుని అన్నిటికీ 'విరగదు' అని చెప్పే మోడల్ కూడా ఈ పట్టికలో 100కి 66 మార్కులు తెచ్చుకుంటుంది. కాబట్టి మొత్తం మార్కులు చూసి మురిసిపోకూడదు. విరిగేవాటిని ఎన్నిటిని సరిగ్గా పట్టింది, విరగనివాటిని ఎన్నిటిని పట్టింది అని విడివిడిగా చూడాలి. రెండు తప్పులూ ఒకటి కావు. విరిగేదాన్ని విరగదంటే కంపెనీకి ఒక పరీక్ష ఖర్చు. విరగనిదాన్ని విరుగుతుందంటే ఆ భారం నదిదీ, నది నీళ్లు వాడేవాళ్లదీ.

మోడల్‌కు తెలియనివి

మొదటిది, సగం విరగడం. షుగర్ గోళీల్లో ఎక్కువమంది వాడే మెట్‌ఫార్మిన్ శరీరంలో దాదాపు మారకుండానే మూత్రంలో బయటికి వస్తుంది. మురుగు శుద్ధి కేంద్రంలో అది చాలావరకు మాయమవుతుంది కూడా. కానీ గ్వానైల్ యూరియా అనే ఇంకో పదార్థంగా మారుతుంది. అది అంత తేలిగ్గా పోదు. 'మందు పోయిందా' అని అడిగితే అవును. 'మొత్తం విరిగిందా' అని అడిగితే కాదు. మోడల్‌ను ఏ ప్రశ్న అడిగామో చూసుకోకపోతే జవాబు తప్పుదారి పట్టిస్తుంది. (దీనర్థం మందు మానేయమని కాదు. డాక్టర్ రాసిన మందు వేసుకోవాల్సిందే.)

రెండోది, నీళ్ల పరిస్థితి. మోడల్ అణువును చూస్తుంది, నాలాను చూడదు. డిటర్జెంట్‌లోని తిన్నని గొలుసు కూడా ఆక్సిజన్ అందని మురుగులో సరిగ్గా విరగదు. శుద్ధి చేయకుండా మురుగును వదిలేస్తే 'బయోడిగ్రేడబుల్' అని డబ్బా మీద రాసి ఉన్నా పెద్దగా లాభం లేదు.

మూడోది, మోతాదు. దీనికి ఉదాహరణ హైదరాబాద్ పక్కనే ఉంది. పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల వ్యర్థ జలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లను స్వీడన్ పరిశోధకులు పరీక్షించారు. 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరు నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ 31 మిల్లీగ్రాముల దాకా దొరికింది. ఆ గోళీ వేసుకున్న రోగి రక్తంలో ఉండే దానికంటే ఇది ఎక్కువ. ఈ మందు తేలిగ్గా విరగదని ల్యాబ్ పరీక్షల్లో తేలింది. పైగా యాంటీబయోటిక్ పనే సూక్ష్మజీవులను చంపడం. తినాల్సినవాటినే చంపేస్తే ఇక విరిచేదెవరు? బతికి బయటపడ్డ బ్యాక్టీరియా మందుకు లొంగకుండా తయారయ్యే ప్రమాదం ఉంది. రేపు ఇంట్లో పిల్లలకు జ్వరం వస్తే ఆ మందు పనిచేయకపోవచ్చు.

మరి మోడల్ ఎందుకు?

జల్లెడ పట్టడానికి. వేల కెమికల్స్‌లో ముందు దేన్ని ల్యాబ్‌కు పంపాలో చెప్పడానికి. కొత్త మందుకు గానీ, డిటర్జెంట్‌కు గానీ నాలుగైదు ఆకారాలు చేతిలో ఉన్నప్పుడు, ఫ్యాక్టరీ కట్టకముందే విరిగే ఆకారాన్ని ఎంచుకోవడానికి. నురగ పొంగాక ఆకారం మార్చుకున్న నాటి కంపెనీలకు ఈ సౌకర్యం లేదు.

ఇంట్లో చేయగలిగింది కూడా కొంత ఉంది. సర్ఫ్ అవసరమైనంతే వాడటం, మిగిలిపోయిన యాంటీబయోటిక్ గోళీలను సింకులోనో టాయిలెట్‌లోనో పారేయకుండా ఏం చేయాలో మందుల షాపులో అడగడం. డబ్బా మీద 'బయోడిగ్రేడబుల్' అని కనిపిస్తే రెండు ప్రశ్నలు గుర్తుపెట్టుకోవాలి. ఎన్ని రోజుల్లో? మొత్తమా, సగమా? ఈ రెండిటికీ జవాబు లేకపోతే ఆ మాటను ప్రకటన అనుకోవాలి, పరీక్ష ఫలితం అనుకోకూడదు.