మీకు తెలుసా? టైల్ మీద టైల్

బాత్‌రూం గోడకున్న పాత టైల్స్ పగలగొట్టకుండానే వాటి మీద కొత్తవి అతికించొచ్చు. ముందు రూపాయి బిళ్లతో ఒక్కోదాన్నీ తట్టి చూడాలి. డొల్లగా మోగిందా, ఊడదీయాల్సిందే. గోడకు చెమ్మ ఉంటే ఆ ఆలోచనే వద్దు. నున్నటి గ్లేజు నీరు పీల్చదు కాబట్టి మామూలు సిమెంటు దానికి పట్టదు. పైపొరను గరుకు చేసి, ఐఎస్ 15477 ప్రమాణం ఉన్న జిగురుల్లో టైల్ మీద టైల్‌కు పనికొచ్చేదే అడిగి తెచ్చుకోవాలి.

కరీంనగర్ ‘టాన్ బ్రౌన్’ గ్రానైట్ విదేశాలకు పోతోంది, మనింటి గోడకూ అదే వేద్దామనిపిస్తుంది. కానీ 2 సెంటీమీటర్ల పలక చదరపు అడుగుకు దాదాపు 5 కిలోలు. 8 మిల్లీమీటర్ల సిరామిక్ టైల్ కిలోన్నరే. అంత బరువు పాత టైల్ మీద వేలాడదీయడం నాకైతే నచ్చదు. అన్నట్టు, గోడ మందమెక్కితే నల్లా లోపలికి పోతుంది. మేస్త్రీ కన్నా ముందు ప్లంబర్‌ను పిలవండి.